కణములపై చక్కెరలు: ఉలవగింజ మొదలు అజైడు వరకు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభ సమయమున శాస్త్ర విషయమొకటి తెలుగులో చెప్పవలెనని కార్యవర్గమువారు కోరిరి. పల్లెటూరి సభలో రసాయన శాస్త్ర ప్రసంగమేల యని కొందరికి తోచవచ్చును. తెలుగునాట గ్రంథాలయములు కథలకును పురాణములకును మాత్రమే పుట్టలేదు. 1906లో కొమర్రాజు వెంకట లక్ష్మణరావుగారు మొదలగు పెద్దలు హైదరాబాదున విజ్ఞాన చంద్రికా మండలిని నెలకొల్పినప్పుడే, చరిత్రతోపాటు ప్రకృతి శాస్త్రములు గూడ తెలుగులో వెలువడవలెనని తలచిరి. ఆ బాటలోనే నేను నేడు ఎన్నుకొన్న విషయము, మన శరీర కణములలో ప్రోటీనులకు అంటియుండు చక్కెరలు. వానిని కనిపెట్టుటకు రసాయనజ్ఞులు సమకూర్చుకొన్న సాధనములు.

చక్కెర యనగానే మనకు రెండే తోచును. ఒకటి కాఫీలో వేసికొనునది. రెండవది రక్తములో ఎక్కువైనదని డాక్టరుగారు చెప్పునది. మూడవ చక్కెర యొకటి కలదు. అది నాలుకకు తగులదు, కంటికి కనిపించదు. అయినను ఒకరి రక్తము మరియొకరికి పనికివచ్చునా రాదా యనునది నిర్ణయించునది అదియే. జలుబు జ్వరపు వైరసు మన గొంతులోని కణమును పట్టుకొనునది దానినే.

మన శరీరము జీవకణములతో నిర్మితమైనది. కణములలో పనులు చక్కబెట్టునవి ప్రోటీనులు. మన పాత పాఠ్యపుస్తకములు వీనిని మాంసకృత్తులని వ్యవహరించెను. ప్రాణవాయువును మోయునది ప్రోటీను, అన్నమును అరిగించునది ప్రోటీను, రోగక్రిములతో పోరాడునదియు ప్రోటీనే. కణము వీనిని తయారుచేయుచు, చేసిన పిమ్మటను, అనేకములకు చక్కెర అణువుల గొలుసులను తగిలించును. కణపు వెలుపలి పొరయందలి ప్రోటీనులలో చాల భాగము ఇట్టి గొలుసులు కలవియే. పొలము గట్టును గడ్డి కప్పినట్లు ఈ గొలుసులు కణమును కప్పియుండును. బయటినుండి వచ్చునది ఏదైనను, మిత్రుడుగాని శత్రువుగాని, మొదట తగులునది ఈ పూతకే.

ఇందుకు అందరికిని తెలిసిన నిదర్శనము రక్తవర్గములు. 1901లో వియన్నా నగరమున కార్ల్ లాండ్‌స్టైనర్ అను వైద్యుడు మనుష్యుల రక్తము ఒకే విధమైనది కాదనియు, ఒకరి రక్తద్రవము మరియొకరి రక్తకణములను గుంపుగట్టించుననియు కనుగొనెను. ఆ పరిశోధనకు ఆయనకు 1930లో నోబెల్ బహుమానము లభించెను. అయితే ఎ, బి, ఓ వర్గముల నడుమ భేదమెక్కడ నున్నది? లండనులోని లిస్టర్ సంస్థలో వాల్టర్ మోర్గన్, వినిఫ్రెడ్ వాట్కిన్స్ అనువారు ఏండ్ల తరబడి శ్రమించి 1950వ దశకములో తేల్చినదేమనగా, ఆ భేదము చక్కెరలలోనే యున్నది. ఓ వర్గమువారి కణములపై ఒక గొలుసుండును. దాని కొననున్న చక్కెర పేరు ఫ్యూకోజు. ఆ గొలుసునకే ఎన్-ఎసిటైల్ గెలాక్టోసమీను అను చక్కెర యొకటి చేరినచో ఎ వర్గము. గెలాక్టోజు అను చక్కెర చేరినచో బి వర్గము. రెండును చేరిన కణములు గలవారు ఎ-బి వర్గమువారు. చూడుడు, ఒక్క చక్కెర భేదము! ఆ ఒక్కదానిని లెక్కచేయక రక్తమెక్కించినచో ప్రాణమునకే ముప్పు.

ఇంతటి ముఖ్యమైన వస్తువును శాస్త్రజ్ఞులు చాలకాలము ప్రక్కన పెట్టుటకు కారణము వారికి శ్రద్ధ లేకపోవుట కాదు. చూచుటకు సాధనము లేకపోవుట. ప్రోటీనుయొక్క నిర్మాణము జన్యువులో అక్షరము తప్పకుండ వ్రాయబడియున్నది. జన్యువును చదివినచో ప్రోటీను తెలియును. 2003లో మానవ జన్యురాశి పఠనము ముగిసినదని ప్రకటించిరి. కాని ఆ గ్రంథమునందు చక్కెర గొలుసుల వరుస నేరుగా వ్రాయబడి యుండదు. గొలుసులను కట్టు ఎంజైములనెడి పనివాండ్ర వివరము మాత్రమే అందుండును. ఏ పనివాడు ఎప్పుడు, ఎంతసేపు, ఏ సరకుతో పనిచేసెనో దానినిబట్టి గొలుసు మారును. పైగా ప్రోటీను తిన్నని దారమువంటిది. చక్కెర గొలుసు కొమ్మలు వేయును. అందుచేత ఒకే ప్రోటీను పలు చక్కెర వేషములలో ఉండవచ్చును. జన్యువును చదివి దీనిని ఊహింప నలవి కాదు. కణము వద్దకే పోయి చూడవలెను. ఎట్లు చూచుట?

మొదటి సాధనము మన పొలములనుండియే వచ్చినది. 1888లో, నేడు ఎస్టోనియా దేశమున టార్టు అను పేరుతోనున్న విశ్వవిద్యాలయ పట్టణములో, పీటర్ హెర్మన్ స్టిల్‌మార్క్ అను విద్యార్థి ఆముదపు గింజల విషమును పరిశీలించుచు, ఆ సారము రక్తకణములను గుంపుగట్టించుట గమనించెను. ఆ విషమునకు రైసిన్ అని పేరు. అందలి యొక భాగము కణముపైని గెలాక్టోజు చక్కెరను పట్టుకొనును. ఆ పట్టుతో రెండవ భాగము కణములోనికి చొచ్చి ప్రోటీనుల తయారీని ఆపివేయును. గానుగ ఆడిన ఆముదపు పిండిని మన రైతులు ఎరువుగా వేయుదురే గాని అట్లే పశువులకు పెట్టకపోవుటకు కారణమిదియే. విషము నూనెలోనికి రాక పిండిలో నిలిచిపోవును. పచ్చి గింజలను పిల్లలు నమలకుండ చూచుకొనుట మన విధి.

రెండవ కథ మనకు మరింత చేరువ. 1951లో జి. డబ్ల్యు. జి. బర్డ్ అను వైద్యుడు ఉలవగింజల సారము ఎ వర్గపు రక్తకణములను గుంపుగట్టించునని బెంగుళూరునుండి వెలువడు 'కరెంట్ సైన్స్' పత్రికలో ప్రకటించెను. ఉలవయందలి ప్రోటీను పట్టుకొనునది నేను ఇంతకు మున్ను చెప్పిన ఎన్-ఎసిటైల్ గెలాక్టోసమీను చక్కెరనే. ఎ వర్గములో ఎ-1, ఎ-2 అని ఉపవర్గములు గలవు. తగినంత పలుచన చేసిన ఉలవసారము ఎ-1 కణములను గుంపుగట్టించును, ఎ-2 కణములను విడిచివేయును. నేటికిని రక్తనిధులలో ఈ భేదమును తేల్చుటకు ఉలవసారమునే వాడుచున్నారు. మనము ఎడ్లకు ఉడికించి పెట్టి, చారు కాచుకొని త్రాగు ఉలవలలో చక్కెర అణువులను ఏరి పట్టుకొను నేర్పు దాగియున్నది! అయితే ఉలవచారు త్రాగినందున రక్తవర్గము మారదు, రక్తము గుంపుకట్టదు. బాగుగ ఉడికించుటవలన ఆ ప్రోటీను తన పట్టును కోల్పోవును.

ఇట్టి ప్రోటీనులకు 1954లో విలియం బాయిడ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు లెక్టినులని పేరు పెట్టెను. లాటిను భాషలో ఆ మాటకు మూలమైన ధాతువునకు ఏరుకొనుట యని యర్థము. పనసగింజలలో గూడ జాకలిన్ అను లెక్టిను కలదు. మన రక్తములోను లాలాజలములోను ఉండు ఐజి-ఎ అను ప్రతిరక్షకమును విడదీయుటకు అది ఉపకరించును. 1996లో బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థయందు ఎం. విజయన్‌గారి బృందము జాకలిన్ ఆకృతిని, అది చక్కెరను పట్టుకొను తీరును వెల్లడించెను. ఆ పరిశోధనలో ప్రముఖముగా పాల్గొన్న ఆర్. శంకరనారాయణన్‌గారు తరువాతి కాలమున మన హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రమునకు వచ్చి పనిచేసిరి.

ప్రయోగశాలలో లెక్టినును వాడు పద్ధతి సులభముగనే యుండును. లెక్టినును సన్నని పూసలకు అంటించి గాజుగొట్టములో నింపుదురు. కణములనుండి తీసిన ప్రోటీనుల ద్రవమును పైనుండి పోయుదురు. తగిన చక్కెర గల ప్రోటీనులు పూసలకు చిక్కుకొనును; తక్కినవి క్రిందికి జారిపోవును. పిమ్మట విడి చక్కెర నీటిని పోసినచో, లెక్టిను ఆ విడి చక్కెరను పట్టుకొని ప్రోటీనును వదలివేయును. ఎరవేసి పట్టిన చేపను నొప్పింపక విడిచినట్లే.

ఈ జ్ఞానము ప్రాణరక్షణకు ఎట్లు పనికివచ్చునో బొంబాయి వర్గపు కథ చెప్పును. 1952లో బొంబాయి నగరమున వై. ఎం. భెండే మొదలగు వైద్యులు ఒక విచిత్రమైన రక్తమును గూర్చి ప్రకటించిరి. ఆ కణములపై ఎ, బి చక్కెరలే కాదు, ఓ వర్గమువారికి సైతము ఉండు ఫ్యూకోజు కొన గూడ లేదు. సాధారణ పరీక్షలో వారు ఓ వర్గమువలె కనబడుదురు. కాని ఓ వర్గపు రక్తము ఎక్కించినచో వారి శరీరము దానిని శత్రువుగా నెంచి నాశనము చేయును. తమవంటి వారి రక్తమే వారికి సరిపోవును. వీరిని గుర్తించుటకు ఐరోపా దేశపు ముండ్లపొద యొకదాని గింజలనుండి తీసిన లెక్టిను ఉపయోగపడును. అది ఫ్యూకోజు కొన గల ఓ వర్గపు కణములను గుంపుగట్టించును, బొంబాయి కణములను గుంపుగట్టింపదు. కంటికి కానరాని ఒక చక్కెర లేకపోవుట గమనింపనందున ఒక తల్లి కాన్పు బల్లమీద ప్రాణము విడువవలసి రావచ్చును. కావున ఇది పండితుల వినోదము కాదు.

రెండవ తరగతి సాధనములు కత్తెరలు. చక్కెర గొలుసును ఒక నిర్దిష్ట స్థానములో కత్తిరించు ఎంజైములు ప్రకృతిలో గలవు. కత్తిరించిన తరువాత కణము ఏ పని చేయలేకపోయెనో చూచినచో ఆ చక్కెర ఎందుకున్నదో బోధపడును. ఇన్‌ఫ్లుయెంజా వైరసు దగ్గర ఇట్టి కత్తెర సొంతముగనే యున్నది. 1941లో జార్జి హర్స్ట్ అను వైద్యుడు ఆ వైరసు కోడి రక్తకణములను గుంపుగట్టించునని కనుగొనెను. కణముపై గొలుసుల కొనలందుండు సయాలిక్ ఆమ్లమను చక్కెరను వైరసు ఒక చేతితో పట్టుకొనును. లోపల పెరిగిన కొత్త వైరసులు బయటపడునప్పుడు అదే చక్కెర వానిని అంటి పట్టుకొనును గనుక, రెండవ చేతనున్న కత్తెరతో దానిని తెంచుకొని పోవును. ఈ కత్తెర నోరు మూయునట్టి అణువులను రసాయనజ్ఞులు రూపొందించిరి. జనామివిర్, ఓసెల్టామివిర్ అను ఔషధములు 1999లో అమెరికాలో ఆమోదము పొందినవి. చక్కెర నిర్మాణము తెలిసినందున పుట్టిన మందులివి.

పక్షి జ్వరమును గూర్చి మన కోళ్ళ రైతులకు చెప్పనక్కరలేదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలు దాని దెబ్బ చవిచూచినవి. ఆ వైరసు మనుష్యులకు అంత సులభముగా అంటకుండుటకు ఒక కారణము గూడ చక్కెరయే. సయాలిక్ ఆమ్లము తన ప్రక్క చక్కెరతో కలియు కోణము రెండు విధములు. పక్షుల వైరసులు ఒక విధమును కోరును. మనుష్యుల వైరసులు రెండవ విధమును కోరును. మన ముక్కు, గొంతు భాగములలో ఎక్కువగానున్నది రెండవ విధము. ఈ భేదమును సైతము రెండు చెట్ల లెక్టినులతో గుర్తింపవచ్చును. ఒకటి ఐరోపా చెట్టు బెరడునుండియు, మరియొకటి తూర్పు ఆసియా చెట్టు గింజలనుండియు లభించును. పక్షి వైరసు ఏనాడైన రెండవ పట్టు నేర్చుకొనునేమో యని శాస్త్రజ్ఞులు కాపు కాయుచున్నారు.

ఇక మూడవ సాధనము, నేటి ప్రసంగమునకు శిఖరము వంటిది. లెక్టిను పట్టు అంత గట్టిది కాదు. అదిగాక కణముపైని చక్కెర నిన్న పుట్టినదా, ఈ పూట పుట్టినదా అది చెప్పలేదు. బ్రతికియున్న కణములో చక్కెర పుట్టుటను, కదలుటను చూడవలెనన్నచో మరియొక ఉపాయము కావలెను.

తాపీమేస్త్రి ఇల్లు కట్టుచున్నాడనుకొనుడు. ఆయనకు అందించు ఇటుకలలో కొన్నిటికి మనము సన్నని కొక్కెము తగిలించితిమి. కొక్కెము చిన్నది గనుక మేస్త్రి అడ్డు చెప్పక గోడలో పేర్చెను. చీకటి పడిన తరువాత మనము పోయి ఆ కొక్కెములకు దీపములు తగిలించినచో, ఈ పూట కట్టిన గోడ యెంతవరకో దూరమునుండియే కనబడును. రసాయనజ్ఞులు చేసినది ఇంతే. 1992లో బెర్లిన్ నగరమున వెర్నర్ రాయిటర్ బృందము, కొంచెము మార్చిన చక్కెరను ఇచ్చినను కణము దానిని తనదిగా భావించి సయాలిక్ ఆమ్లముగా మార్చుకొని గొలుసులో చేర్చునని చూపెను. 1997లో కాలిఫోర్నియాలో కరోలిన్ బెర్టోజీ బృందము ఆ మార్చిన చక్కెరకు కీటోను అను కొక్కెమును అమర్చి, దానికి గుర్తును తగిలింపగలిగెను. కాని కణము లోపల సహజముగనే కీటోనులున్నవి. ఇంటినిండ కొక్కెములున్నప్పుడు మన కొక్కెమేదో తెలియుట యెట్లు?

కావున జీవకణములో ఎక్కడను లేని కొక్కెము కావలసివచ్చెను. అదియే అజైడు: వరుసగా కూడిన మూడు నత్రజని పరమాణువులు. అజైడు లవణము విషమని రసాయన విద్యార్థులెరుగుదురు. కాని అణువునకు గట్టిగా బంధింపబడిన అజైడు వేరు. 1987నుండి ఎయిడ్సు రోగులకిచ్చుచున్న జిడోవుడిన్ అను మందులో అజైడున్నది. ఈ కొక్కెము కణములోని దేనితోడను కలియదు. ఎవరి జోలికిని పోదు. తగిన జోడు ఎదురైనప్పుడు మాత్రము కలిసి విడువదు. ఆ జోడు కొరకు బెర్టోజీ వెనుకటి పుస్తకములు తిరుగవేసిరి. 1919లో హెర్మన్ స్టౌడింజర్ అను శాస్త్రజ్ఞుడు అజైడు భాస్వర సమ్మేళనముతో కలియునని కనుగొనియుండెను. ఆ చర్యను కణమునకు తగినట్లు సవరించి, 2000వ సంవత్సరమున బెర్టోజీయు, ఆమె శిష్యురాలు ఎలియానా శాక్సనును బ్రతికియున్న కణములపై అజైడు చక్కెరను గుర్తింపగలిగిరి. ఎనుబది యేండ్లకు పైగా పుస్తకములో నిద్రించిన చర్య ఆ విధముగ మేలుకొనెను. గ్రంథాలయము పెట్టి పాత సంపుటములు భద్రపరచుట దేనికని అడుగువారికి ఇంతకన్న మంచి సమాధానము నాకు తెలియదు.

భాస్వర చర్య నిదానమైనది. 2002లో డెన్మార్కున మోర్టెన్ మెల్డాల్, అమెరికాలో బారీ షార్ప్‌లెస్ వేర్వేరుగా మరియొక మార్గము కనుగొనిరి. రాగి సమక్షమున అజైడు ఆల్కైను అను సమ్మేళనముతో చిటికెలో కలియును. కాని ఆ రాగి జీవకణమునకు హాని చేయును. అప్పుడు బెర్టోజీ మరల పాత సంపుటములనే ఆశ్రయించిరి. 1961లో విట్టిగ్, క్రెబ్స్ అను జర్మను శాస్త్రజ్ఞులు, ఆల్కైనును ఎనిమిది కార్బనుల వలయములో బంధించినచో అది అజైడుతో ప్రేలుడువలె కలియునని వ్రాసియుండిరి. ఆల్కైను స్వభావము తిన్నగా నిలుచుట. దానిని వలయములోనికి వంచుట యనగా విల్లు ఎక్కుపెట్టుటయే. తగిలించిన వెంటనే బిగువు వదలును. ఆ బిగువే రాగి చేయు పనిని చేయును. 2004లో ఈ విధముగ రాగి లేకయే జీవకణములను గుర్తించిరి.

2008లో ఇంకొక మెట్టు ఎక్కిరి. జీబ్రా చేప యని చారల చేప యొకటి కలదు. మన దేశపు ఏరులు, కాలువలు దాని పుట్టినిల్లు. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ తన గంగానది మత్స్యముల గ్రంథమున దానిని వర్ణించెను. దాని పిల్లలు గాజువలె పారదర్శకముగా నుండును. వానికి అజైడు చక్కెర నిచ్చి, ఒక గడియకు ఒక రంగును, మరియొక గడియకు వేరు రంగును తగిలించి, ఏ అవయవమున ఎప్పుడు చక్కెరలు పుట్టుచున్నవో బ్రతికియున్న జీవిలోనే కన్నులార చూచిరి. 2022లో బెర్టోజీ, మెల్డాల్, షార్ప్‌లెస్ మువ్వురికిని రసాయన శాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను.

అయితే సాధనము ఎంత గొప్పదైనను దానిని గ్రుడ్డిగా నమ్మరాదు. కణములోనికి సులభముగ పోవుటకై ఈ చక్కెరలకు ఎసిటైలు ముసుగు తొడుగుట వాడుక. అట్టి చక్కెర కొన్ని ప్రోటీనులకు, ఎంజైముల ప్రమేయము లేకయే, తానుగా అంటుకొనుచున్నదని 2018లో పీకింగ్ విశ్వవిద్యాలయపు రసాయనజ్ఞులు చూపిరి. అనగా మేస్త్రి పేర్చని ఇటుక తానే గోడకు అతుక్కొన్నది! ఆ తరువాత ముసుగును మార్చి, అట్లు అంటని చక్కెరలను సిద్ధపరచిరి. తమ పరికరమునే బోనులో నిలువబెట్టి ప్రశ్నించుట శాస్త్రమునకు చిన్నతనము కాదు, శీలము.

ఇప్పుడు మన ఇండ్లకు వత్తము. మధుమేహ రోగులకు మూడు నెలల షుగరు పరీక్ష యని చేయుదురు. దాని పేరు హెచ్‌బి-ఎ-వన్-సి. అదియు ప్రోటీనుకు అంటిన చక్కెరయే. కాని ఇది కణము బుద్ధిపూర్వకముగ తగిలించినది కాదు. రక్తములో గ్లూకోజు ఎక్కువైనకొలది అది తానుగా హీమోగ్లోబినుకు అంటుకొనును. మధుమేహ రోగులలో ఇట్టి హీమోగ్లోబిను హెచ్చుగా నుండుననుటను 1968లో టెహరాన్ నగరమున శామ్యూల్ రహ్‌బర్ వెల్లడించెను. ఎర్ర రక్తకణము సుమారు 120 దినములు బ్రతుకును. అందుచేత ఈ పరీక్ష గడచిన రెండు మూడు నెలల లెక్క చెప్పును. దీనిని కొలుచు పద్ధతులలో ఒకటి మన వెలిగారమునందుండు బోరాన్ మూలకముపై ఆధారపడినది. బోరాన్ గల సమ్మేళనములు చక్కెర అంటిన హీమోగ్లోబినును పట్టి నిలుపును, తక్కినదానిని వదలును.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. 6.5 శాతము, అంతకు పైబడినచో మధుమేహమని లెక్క. కాని ఇనుము లోపించి రక్తహీనత గలవారిలో ఈ అంకె ఉన్నదానికన్న హెచ్చుగా చూపవచ్చును. రక్తము పోయినవారిలో, రక్తమెక్కించుకొన్నవారిలో, ఎర్రకణములు త్వరగా నశించు జబ్బు గలవారిలో తక్కువగా చూపవచ్చును. మన స్త్రీలలో రక్తహీనత అరుదు కాదు. కావున ఆ ఒక్క కాగితమును చూచి దిగులుపడుటయు, నిశ్చింతగా నుండుటయు తగదు. రక్తహీనత యున్న సంగతి డాక్టరుగారికి తప్పక చెప్పవలెను.

చక్కెర గొలుసులు సరిగా కట్టలేని దోషముతో పుట్టు శిశువులున్నారు. 1980లో బెల్జియము దేశపు వైద్యుడు యాక్ యాకెన్ కవల ఆడపిల్లలలో ఇట్టి వ్యాధిని మొదట వర్ణించెను. రక్తములో ఇనుమును మోయు ప్రోటీనుకు చక్కెరలు తక్కువైనవో లేదో చూచి దీనిని పట్టుదురు. వీనిలో చాలవానికి మందు లేదు. కాని ఒక రకపు దోషమునకు మానోజు అను చక్కెరను నోటితో ఇచ్చినచో గుణము కనబడునని 1998లో జర్మనీ వైద్యులు చూపిరి. ఏ చక్కెర లోపించినదో తెలియుటవలన ఆ చక్కెరయే ఔషధమైనది.

క్యాన్సరు కణములు తరచు సయాలిక్ ఆమ్లమును అధికముగా కప్పుకొని, దేహరక్షక కణములను మభ్యపెట్టుచున్నవని తెలియవచ్చినది. ఆ ముసుగును తొలగించు పరిశోధనలు సాగుచున్నవి. అవి పరిశోధనలే గాని చేతికందిన చికిత్సలు కావు. ఈ పేరు చెప్పి ఎవరైనను పొడులు, కషాయములు అమ్మవచ్చినచో నమ్మకుడు.

సోదరులారా, నేను చెప్పినదానిని మూడు మాటలలో ముగింతును. కణములపై చక్కెరలు అలంకారము కాదు, గుర్తుపట్టు లిపి. ఆ లిపిని చదువుటకు మొదట మన పొలములోని గింజలును, తరువాత కత్తెరలును, పిమ్మట మనుష్యుడు కల్పించిన కొక్కెములును పనికివచ్చెను. ప్రతి సాధనమునకు ఒక మేర కలదు. ఆ మేర తెలిసి వాడుటయే విద్య.

కార్యవర్గమువారికి ఒక విన్నపము. ఈ రజతోత్సవ సంవత్సరమున అర్హతగల సిబ్బందిచేత గ్రామస్థులందరి రక్తవర్గములను పరీక్ష చేయింపుడు. సమ్మతించినవారి పేర్లను, వర్గములను ఒక పుస్తకములో వ్రాసి భద్రపరచుడు. అర్ధరాత్రి కాన్పు కష్టమైనప్పుడు ఎవరిని లేపవలెనో ఆ పుస్తకము చెప్పును. ఎక్కించుటకు ముందు ఆసుపత్రిలో మరల పరీక్ష జరుగవలసినదే. కాని రక్తదాత ఇంటి గుమ్మము మనకు తెలిసియుండును. గ్రంథాలయములోని పుస్తకములన్నిటిలో అది అతి చిన్నది కావచ్చును. ఒక ప్రాణమును నిలిపిననాడు దానికి సాటివచ్చు గ్రంథముండదు.

ఈ సంస్థ స్వర్ణోత్సవము, వజ్రోత్సవము గూడ జరుపుకొనవలెననియు, ఇందు చదివిన బాలబాలికలు రేపు కొత్త సాధనములు కల్పింపవలెననియు కోరుచున్నాను.